మిలటరీ షెడ్డు చెక్కంతా బర్మా టేకేనా? అపోహలు - వాస్తవాలు

ఒడిశా బరంపురంలో మా వర్క్‌షాపుకి పాత దూలాలు పట్టుకొచ్చేవాళ్లలో చాలామంది ఒకే మాటతో మొదలుపెడతారు. "మేస్త్రిగారూ, రెండో ప్రపంచ యుద్ధం నాటి మిలటరీ షెడ్డు కూల్చారట, ఒరిజినల్ బర్మా టేకు దొరికింది, డైనింగ్ టేబుల్ చేసిపెట్టండి." ఇచ్ఛాపురం నుంచి వచ్చినా, పర్లాకిమిడి నుంచి వచ్చినా ఇదే మాట. అప్పటికే టేకు రేటుకి డబ్బు కట్టేసి ఉంటారు. నేను రంపం పెట్టి ఒక చివర కోసి చూపించేసరికి వాళ్ల ముఖంలో రంగు మారిపోతుంది. అది చూడలేకే ఇది రాస్తున్నాను.

అపోహ: యుద్ధకాలపు కట్టడం కాబట్టి చెక్క బర్మా టేకే.

తేదీలు చూడండి. రంగూన్ 1942 మార్చి 8న జపాను చేతికి పోయింది. మే మొదటికల్లా మాండలే కూడా పోయింది. మళ్లీ 1945 మేలో గానీ రంగూన్ బ్రిటిష్‌వాళ్లకి దక్కలేదు. ఆ మూడేళ్లూ అక్కణ్ణుంచి ఈ తీరానికి టేకు రావడానికి దారే లేదు. ఇది చెప్పడానికి పుస్తకాలు కూడా అక్కర్లేదు. గంజాం, శ్రీకాకుళం ఊళ్లలో ఏ పెద్దవాళ్లనడిగినా చెప్తారు: గోపాల్‌పూర్‌లో ఓడెక్కి కూలికి రంగం, అంటే బర్మా, వెళ్లినవాళ్లు 1942లో అడవులూ కొండలూ దాటి కాలినడకన వెనక్కి వచ్చారు, దారిలో ఎంతోమంది పోయారు. మనుషులకే ఓడలు చాలని ఏడాది దుంగలకి ఎక్కడ దొరుకుతాయి?

అదే ఏడాది ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద జపాను బాంబులు పడ్డాయి. ఇక యుద్ధం పనుల మీద హడావుడిగా లేపే షెడ్డుకి, గోదాముకి ఎక్కడో ఉన్న ఖరీదైన కలప కోసం ఎవరూ కూర్చోరు. దగ్గర్లో ఏది దొరికితే అది వాడతారు. మన గంజాం, గజపతి, రాయగడ వైపు అంటే ముందు సాల్ (గుగ్గిలం చెట్టు), తర్వాత నల్లమద్ది, ఏగిస. యుద్ధం నాటిదని నా దగ్గరికి వచ్చిన దూలాల్లో ఎక్కువ భాగం సాలే. యుద్ధానికి ముందు దిగిన టేకు ఎక్కడైనా డిపోలో మిగిలి ఉంటే అది ఒకటీ అరా వాడి ఉండొచ్చు. ఆ ఒకటీ అరాని పట్టుకుని లారీ మొత్తానికి టేకు రేటు కట్టకండి.

ఇంగ్లండులో కూడా ఇంతే. జర్మనీ రహస్య సందేశాల గుట్టు విప్పిన బ్లెచ్లీ పార్క్ పేరు వినే ఉంటారు. అక్కడ ఎంతో గొప్ప పని జరిగిన హట్లు 1939, 40ల్లో తొందర తొందరగా వేసిన మామూలు చెక్క షెడ్లు, పైన్ జాతి మెత్తటి కలప. ఆ చెక్క ముక్కని ఎవరైనా అపురూపంగా దాచుకుంటే అది అక్కడ జరిగిన పని వల్లే గానీ కలప జాతి వల్ల కాదు. మన దగ్గర వ్యాపారులు ఈ రెండిటినీ కలిపేసి అమ్ముతున్నారు. కథ ఉంది కాబట్టి టేకు అంటారు, టేకు కాబట్టి రేటు అంటారు.

నిజం బర్మా టేకు మన వైపు లేదా అంటే, ఉంది. 1942కి ముందు రంగం సంపాదనతో కట్టుకున్న పాత మేడల్లో, ద్వారబంధాల్లో, నిలువు స్తంభాల్లో ఉంది. అలాంటి ఇల్లు కూలుస్తుంటే పరుగెత్తండి.

ఎలా గుర్తుపట్టాలి? పైన చూస్తే ఏమీ తెలియదు. ఎనభై ఏళ్ల దుమ్ము, పొగ పట్టాక అన్నీ ఒకే రంగు. ఒక చివర అంగుళం కోయించండి, పక్కన కొంచెం చిత్రిక పట్టించండి. టేకైతే ఎంత పాతదైనా పొట్టు నుంచి తోలు వాసన వస్తుంది, చేతికి కాస్త జిడ్డుగా తగులుతుంది, అడ్డకోతలో ఏటేటి వలయాలు సన్నటి రంధ్రాల వరసలతో స్పష్టంగా కనిపిస్తాయి. సాల్‌లో వలయాలు అలా తేలవు. వాటి బదులు అక్కడక్కడా జిగురు నిండిన తెల్లటి సన్న గీతలు వంపుగా సాగుతుంటాయి. చిత్రిక పడుతుంటే నార ఒకవైపు నున్నగా, పక్కనే ఎదురు తిరిగి పెచ్చులు లేస్తుంది. బరువైతే మరీ సులువైన గుర్తు. ఆరిన టేకు ఘనపుటడుగు సుమారు 18 కిలోలు ఉంటే సాల్ 24 దాటుతుంది. అమ్మేవాడు చివర కోయనివ్వనంటే బేరం అక్కడే ఆపేయండి.

ముద్రల సంగతి కూడా చెప్పాలి. బ్రిటిష్ సైన్యం సొత్తుకి బాణం గుర్తు వేసేవారు. ఆ గుర్తు కాల్చిన పలకలు ఈమధ్య బాగా తిరుగుతున్నాయి. ఒక రిటైర్డ్ టీచరుగారు అలాంటి పలకలు నాలుగు తెచ్చారు, కూతురికి మంచం చేయించాలని. పీఎఫ్ డబ్బులోంచి తీసి కొన్నారట. ముద్ర ఉన్న చోట లెన్సు పెట్టి చూశాను. చెక్క మీద పాత బీటలున్నాయి, ముద్ర కాల్చిన మసి ఆ బీటల లోపలి గోడల మీదికి దిగి ఉంది. అంటే చెక్క ఎండి, బీటలిచ్చి, ముసలిదయ్యాకే ఎవరో ఇనుము కాల్చి వేశారు. అసలు పాత ముద్ర అయితే బీట ఆ ముద్రని చీల్చుకుంటూ పోతుంది, బీట లోపల చెక్క రంగే ఉంటుంది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. పలకలు మంచి సాల్ మాస్టారూ, మీ మనవల దాకా ఉంటుంది మంచం అన్నాను, అది నిజం కూడా. మంచం చేసిచ్చాను. ఎక్కువ పోసిన డబ్బు మాత్రం వెనక్కి రాలేదు, ఆ వ్యాపారి ఫోనెత్తడం మానేశాడు. కష్టపడి దాచుకున్న డబ్బుతో ఇలా ఆడుకునేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఇంకొకటి, దీనికి వ్యతిరేకం. టేకు కాదని తెలిశాక కొందరు ఆ సాల్ దూలాల్ని కట్టెల రేటుకి ఇచ్చేస్తున్నారు. దయచేసి ఆ పని చేయకండి. అంత లావు చేవ ఉన్న సాల్ ఇవాళ సామిల్లులో దొరకదు. బెంచీలకి, గేట్లకి, మెట్లకి దాన్ని మించింది లేదు.

అపోహ: బెజ్జాలున్నాయంటే పురుగు ఉంది, ఇల్లంతా పాకుతుంది.

ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసినవాళ్లున్నారు. చిటికెన వేలు దూరేంత బెజ్జాలు సాల్ చెట్టుకి అడవిలో ఉండగానే పట్టే పురుగువి. ఎండిన చెక్కలో అది బతకదు, ఎప్పుడో పోయింది. టెన్షన్ వద్దు. చూడాల్సింది గుండుసూది తలంత బెజ్జాలు, వాటి కింద మెత్తటి పిండి. చెక్క కింద నల్ల కాగితం పరిచి కొన్నాళ్లు వదిలేయండి. కొత్త పిండి రాలితే పురుగు ఇంకా ఉన్నట్టే. అది ఎక్కువగా చేవ లేని తెల్ల భాగంలోనే ఉంటుంది, ఆ భాగం కోసి పడేయాలి. రాలకపోతే హాయిగా వాడుకోండి.

అపోహ: ఎనభై ఏళ్లు ఆరింది, ఇంక వంగదు.

వంగుతుంది. లావు దూలాన్ని పలకలుగా కోస్తే లోపల బిగిసి ఉన్నది సడలి విల్లులా తిరుగుతుంది. కోశాక పలకల మధ్య పట్టీలు పెట్టి నీడలో పేర్చి, కొన్ని వారాలు ఆగి, మళ్లీ చిత్రిక పట్టాలి. పైగా మనది సముద్రపు గాలి. వానాకాలంలో ఏ చెక్కయినా ఉబ్బుతుంది, దానికి చోటు వదిలే జాయింట్లు వేయాలి.

అపోహ: పాత పెయింట్ కదా, మిషన్‌తో గీకేస్తే పోతుంది.

ఇక్కడ కాస్త ఆగి చదవండి, ముఖ్యంగా ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నవాళ్లు. ఆ కాలపు రంగుల్లో సీసం మామూలుగా కలిపేవారు. ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) దాటకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చిందే 2017 నవంబరులో. పొడిగా శాండింగ్ పడితే ఆ సీసం దుమ్మై గాల్లో కలుస్తుంది, టార్చ్ పెట్టి కాలిస్తే పొగై ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పిల్లల మెదడు ఎదుగుదలని అది దెబ్బ తీస్తుంది, గర్భిణులకీ ప్రమాదమే. నీళ్లు చల్లి తడిపి చేత్తో గీకాలి, గీకింది కింద పరిచిన ప్లాస్టిక్ పట్టాలో మూట కట్టాలి, ముక్కుకి గుడ్డ చాలదు, ఎన్95 రకం మాస్కు ఉండాలి. పని బట్టలు ఇంటి బట్టలతో కలిపి ఉతక్కండి. మా దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లని ఈ ఒక్క విషయంలోనే నేను గట్టిగా కేకలేస్తాను.

చపాతీ పీటలు, గరిటెలు, గ్లాసులు అడిగేవాళ్లకి నా జవాబు: చేయను. ఏగిస గ్లాసులో నీళ్లు తాగితే షుగరు తగ్గుతుందని పాత ఏగిస ముక్కలు తెస్తారు. ఆ చెక్కకి ఎప్పుడు ఏ మందు పూశారో మీకూ నాకూ తెలియదు. 1933లో డెహ్రాడూన్ ఫారెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో సొంఠి కామేశంగారు చెక్కని చెదలు నుంచి కాపాడే ఆస్కూ అనే మందు కనిపెట్టారు. ప్రపంచమంతా వాడిన గొప్ప మందు అది, కానీ అందులో ఆర్సెనిక్ ఉంది. చెక్క మీద పచ్చటి ఛాయ కనిపిస్తే వంటింటికి దూరంగా ఉంచండి, పొయ్యిలో అసలు పెట్టకండి. తారు వాసన కొట్టే చెక్కకీ ఇదే మాట.

"యాంటిక్" అని అమ్మితే నమ్మకండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వస్తువు పురాతనమనిపించుకోవడానికి వందేళ్లు నిండాలి. 1942 నాటి దూలానికి ఇంకా టైముంది.

ఇక చాలామంది గొంతు తగ్గించి అడిగేది: సిపాయిలు చనిపోయిన చోటు చెక్క ఇంట్లో ఉంటే కీడా? ఒకావిడ టేబుల్ చేయించుకుని, అత్తగారు ఏదో అన్నారని వారం రోజులు దాని మీద అన్నం తినలేదు. నేను విన్నంతలో ఇటు వచ్చే దూలాలు ఎక్కువగా గోదాములవి, వసతి షెడ్లవి. బియ్యం బస్తాలు, కిరోసిన్ డబ్బాలు, మడతమంచాలు ఉన్న చోట్లు. ఆవిడకి అదే చెప్పాను. అయినా మనసు ఒప్పకపోతే బలవంతం వద్దు. సింహద్వారానికి, గడపకి, పూజ మందిరానికి కొత్త కలప పెట్టుకోండి, పాతది వరండా బెంచీకి వాడండి. పెద్దవాళ్ల మనసు కష్టపెట్టి చేసే టేబుల్ నాకూ చేయాలనిపించదు.

ఆఖరుగా, పాత చెక్కకి ఏ కాగితమూ అక్కర్లేదనే మాట. ఒడిశాలో కలప రవాణాకి 1980 నాటి ట్రాన్సిట్ రూల్స్ ఉన్నాయి. దారిలో ఆపినవాళ్లకి అది పాత దూలమో నిన్న కొట్టిన దుంగో మీరే చూపించుకోవాలి. కూల్చిన కట్టడం వేలం కాగితం, అమ్మినవాళ్ల బిల్లు, మేకు బెజ్జాలు కనిపించేలా దూలాల ఫొటోలు తీసుకుని ముందుగా ఫారెస్టు రేంజి ఆఫీసులో అడగండి. ఇచ్ఛాపురం దగ్గర రాష్ట్ర సరిహద్దు దాటించేటప్పుడు ఆ కాగితాల కాపీ డ్రైవరు దగ్గర ఒకటి, మీ దగ్గర ఒకటి ఉంచుకోండి.