డాబా మీద ఎన్ని అంగుళాలు?

మే నెలలో రాత్రి పది గంటలకు స్టూలెక్కి, పై అంతస్తు గదిలో శ్లాబుకు అడుగున అరచేయి ఆనించి చూడండి. అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కాలా వెచ్చగా తగులుతుంది. పొద్దుగూకి మూడు గంటలైనా, పగలంతా తాగిన ఎండను కాంక్రీటు ఇప్పుడు గదిలోకి వదులుతోంది.

ఇల్లు కట్టుకుంటున్న ఒక పాఠకుడు అడిగారు: “డాబా మీద వేడిని ఆపే పలకలు పరిపిస్తున్నాను. రెండంగుళాలకు బదులు నాలుగంగుళాలు వేయిస్తే ఇంట్లోకి వచ్చే వేడి ఇంకా బాగా తగ్గుతుందా?” పెద్దగా తగ్గదు. ఎందుకో చెప్పే లెక్క నాకెంతో ఇష్టం.

అమీర్‌పేటలో ఒక గది అద్దె 12,000 అనుకోండి. రెండో మనిషి చేరితే తలకు 6,000. మొదటివాడికి ఆరు వేలు మిగిలాయి. మూడో మనిషి వస్తే వాటా 4,000, కొత్తగా మిగిలింది రెండు వేలే. నాలుగో మనిషితో వెయ్యి. పదకొండో మనిషి వచ్చినా కలిసొచ్చేది 109 రూపాయలు! వేడి కూడా అంతే. పొరల అడ్డు ఒకదానికొకటి కూడుతుంది, పైకీ లోపలికీ ఉన్న డిగ్రీల తేడాను ఆ మొత్తంతో భాగిస్తే ఒక్కో చదరపు మీటరు నుంచి దిగే వేడి తెలుస్తుంది.

ఆరంగుళాల శ్లాబు ఉష్ణనిరోధం, అంటే వేడికి అది పెట్టే అడ్డు, సుమారు 0.095 (చదరపు మీటర్లు, డిగ్రీలు, వాట్ల లెక్కలో). పైనా కిందా దాన్ని అంటుకుని ఉండే గాలి పొరలది 0.21. అంటే మనం నమ్ముకున్న కాంక్రీటు కన్నా కంటికి కనిపించని గాలే రెండింతలు అడ్డుకుంటోంది! మొత్తం 0.305. పైన ఎండా గాలీ కలిసి 60 డిగ్రీలకు సమానమై, గదిలో 30 ఉంటే, పదడుగుల చదరపు గదిలోకి దాదాపు 915 వాట్లు దిగుతాయి. నడినెత్తిన ఒక ఇస్త్రీ పెట్టె వెలుగుతున్నట్టే.

ఎక్స్‌ట్రూడెడ్ పాలీస్టైరీన్ అనే గట్టి నురుగు ప్లాస్టిక్ పలక ఒక్క అంగుళం 0.83 కలుపుతుంది. గదిలోకి ఒకేసారి దాదాపు ముగ్గురు చేరినట్టు. 915 కాస్తా 245కు పడిపోతుంది. రెండో అంగుళంతో 141, మూడోదానితో 99, నాలుగోదానితో 77. మొదటి అంగుళం 670 వాట్లు ఆపితే నాలుగోది ఆపేది 22. శ్లాబు వేడిని దాచుకుంటుంది కాబట్టి గంటగంటకూ అంకెలు మారతాయి, కానీ వరస ఇదే. ఇళ్లలో కరెంటు ఆదాకు కేంద్రం తెచ్చిన నియమావళి, 2018 నాటి ఎకో నివాస్ సంహిత, పైకప్పుకు పెట్టిన పరిమితి చదరపు మీటరుకు, డిగ్రీకి 1.2 వాట్లు. 1ని మొత్తం అడ్డుతో భాగిస్తే ఆ అంకె వస్తుంది; ఒక్క అంగుళంతోనే 0.88కి దిగుతాం.

ఉష్ణవహన సూత్రాన్ని బడిలో వల్లె వేయిస్తాం గానీ, పిల్లలతో వాళ్లింటి పైకప్పుకు ఈ లెక్క ఎందుకు వేయించమో నాకు అర్థం కాదు. నైరుతి పడకగదిలో నిద్ర పట్టకపోతే దోషాలు వెతుకుతారు. సాయంత్రం ఎండ తిన్నగా పడేది ఆ గది పడమటి గోడ మీద.

ఏసీ నడిచే ఇంటికి నా సలహా రెండంగుళాలు. ఫ్యానే ఉంటే ఒకటి చాలు. మూడో అంగుళానికి పెట్టే డబ్బుతో పైన తెల్ల టైల్స్ వేయించండి. అవి ఎండను వెనక్కి కొట్టి 60 అనే అంకెనే దించుతాయి. మనుషులను చేర్చుకోవడం ఆపి, యజమానితో అద్దే తగ్గించుకోవడమన్నమాట. పలకల్లోకి నీరు మాత్రం దిగనివ్వకండి. నీరు ఈ పలక కన్నా ఇరవై రెట్లు ఎక్కువగా వేడిని మోసుకొస్తుంది.