క్యామ్రీ రేటుకే జర్మన్ కారు: సెడాన్లు, వ్యాగన్ల మీద అపోహలు - వాస్తవాలు

శనివారం పొద్దున షట్టర్ పూర్తిగా ఎత్తకముందే ఫోన్ మోగుతుంది. "అన్నా, ఎడిసన్‌లో ఒక జర్మన్ సెడాన్ చూశాను. 68 వేల మైళ్ళే తిరిగింది. పాత టొయోటా క్యామ్రీ రేటుకే ఇస్తానంటున్నాడు. తీసేసుకోనా?" ఫోన్ చేసే మనిషి మారతాడు, కారు మారుతుంది, గొంతులో తొందర మాత్రం ఎప్పుడూ అదే. ఈపాటికి అడ్వాన్స్ కూడా ఇచ్చేసి ఉంటాడని నాకు తెలుసు. అతనికి కావాల్సింది సలహా కాదు, "తీసేసుకో తమ్ముడూ" అన్న ఒక్క మాట.

న్యూజెర్సీలో జర్మన్, స్వీడిష్ కార్లు చూసే చిన్న షాపులో పదమూడేళ్ళుగా పనిచేస్తున్నాను. మా దగ్గరకొచ్చే తెలుగువాళ్ళలో చాలామందికి అదే మొదటి లగ్జరీ కారు. బీఎండబ్ల్యూ త్రీ సిరీస్, ఆడి ఏ4, మెర్సిడెస్ సీ క్లాస్, వోల్వో ఎస్60, వీటి చుట్టూనే తిరుగుతారు. పిల్లలు పుట్టాక కొందరు వ్యాగన్ వైపు, అంటే పైకప్పు డిక్కీ చివరిదాకా సాగిన కారు వైపు, చూస్తారు. వాట్సాప్ గ్రూపుల్లో వీళ్ళకి దొరికే సలహాలు వింటుంటే ఒళ్ళు మండుతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: రేటు పడిపోయింది కాబట్టి కారు చవక

మిగతావన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. కొత్తలో 45 వేల డాలర్లు పెట్టి ఎవరో కొన్న కారు ఏడేళ్ళకి మీకు 16 వేలకి దొరికింది. సంతోషం. కానీ దాని వాటర్ పంప్ రేటు ఏడేళ్ళలో ఒక్క డాలరు కూడా తగ్గలేదు. మీరు కారు ఎంతకి కొన్నారో వాటర్ పంపుకి తెలీదు. అది 45 వేల డాలర్ల కారు వాటర్ పంపే. దాన్ని విప్పడానికి పట్టే గంటలూ అవే.

ఈ కార్లు చేతులు మారే పద్ధతి చూడండి. కంపెనీ వారంటీ 4 ఏళ్ళు లేదా 50 వేల మైళ్ళు, ఏది ముందైతే అది. మొదటి ఓనర్ చాలాసార్లు లీజుకి తీసుకుని మూడేళ్ళకి తిరిగిచ్చేస్తాడు. రెండో అతను సర్టిఫైడ్ కారుగా, అంటే డీలర్ తనిఖీ చేసి అమ్మే పాత కారుగా కొని వారంటీ ఉన్నన్నాళ్ళూ నడిపి అమ్మేస్తాడు. మనవాడు మూడో ఓనర్. సరిగ్గా రబ్బరు, ప్లాస్టిక్ పార్టులు వయసు చూపించే టైముకి కారు మన చేతికొస్తుంది. టర్బో ఇంజన్ కదా, బానెట్ కింద వేడి ఎక్కువ. కూలెంట్ పైపులు, ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ గాస్కెట్, వాల్వ్ కవర్ గాస్కెట్, వాటర్ పంప్, కంట్రోల్ ఆర్మ్ బుష్‌లు, ఇవన్నీ 60 వేల నుంచి 90 వేల మైళ్ళ మధ్య ఒకదాని వెనకాల ఒకటి మొదలవుతాయి. నాసిరకం బళ్ళని కాదు. ఆ స్టీరింగ్ అంత చురుగ్గా ఉండాలన్నా, ఇంజన్ అంత లాగాలన్నా దానికో లెక్క ఉంటుంది. ఆ లెక్క కారు అమ్మేవాడు చెప్పడు.

రెండేళ్ళ కిందటి సంగతి. తెనాలి వైపు కుర్రాడు, మాస్టర్స్ అయిపోయి ఉద్యోగంలో చేరి రెండో నెల. రోడ్డు పక్క పాత కార్లు అమ్మే లాట్‌లో ఒక జర్మన్ సెడాన్ కొన్నాడు. కంపెనీ పేరు, లాట్ పేరు ఇక్కడ అనవసరం. బ్రిడ్జ్‌వాటర్ గుడికి తీసుకెళ్ళి పూజ చేయించి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి, ఆ ఫొటో ఊళ్ళో నాన్నగారికి పంపాడు. మూడు వారాలకి మా దగ్గరకొచ్చాడు. "స్టార్ట్ చేయగానే సన్నగా కూత లాంటి శబ్దం వస్తోందన్నా. అది టర్బో సౌండేనట, స్పోర్ట్స్ కార్లకి అలాగే ఉంటుందట."

ఆయిల్ దింపి, కింద ప్యాన్ విప్పాను. ఆయిల్ పికప్ జల్లెడకి చిన్న చిన్న ముక్కలు అతుక్కుని ఉన్నాయి. ముదురు పాకం గట్టిపడ్డాక విరిగిన బెల్లపచ్చు పెళ్ళల్లాగా, అదే రంగు. నాలుగు ఏరి టిష్యూ పేపర్ మీద పెట్టాను. వేలితో నొక్కితే పుటుక్కున విరిగాయి. టైమింగ్ చెయిన్ జారకుండా పట్టుకునే ప్లాస్టిక్ గైడ్ తాలూకు ముక్కలవి. "ఎక్కడివన్నా ఇవి?" అన్నాడు. చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. చెయిన్, గైడ్లు, దాంతోపాటు మార్చాల్సినవి అన్నీ కలిపి ఎస్టిమేట్ వేస్తే కారు కొన్న ధరలో మూడో వంతు దాటింది. "నాన్నకి చెప్పలేనన్నా" అని ఒకటే మాట. ఆఖరికి కారుని ఉన్నది ఉన్నట్టు, నష్టానికి అమ్మేసి ఏడాదిపాటు రైల్లో ఆఫీసుకెళ్ళాడు.

ఆ కుర్రాడి తప్పేమీ లేదు. వారంటీ లేని కారు కొనేముందు అడగాల్సిన ఒక్క ప్రశ్న అతనికి ఎవరూ చెప్పలేదు. "ఈ నెల ఇఎంఐ కాక మూడు వేల డాలర్ల బిల్లు వస్తే కట్టగలనా?" ఇదే ఆ ప్రశ్న. కట్టగలిగితే హాయిగా కొనుక్కోండి, ఆ డబ్బు కొన్నరోజే పక్కన పెట్టేయండి. కట్టలేకపోతే లెక్సస్ ఐఎస్, ఆక్యూరా టీఎల్ఎక్స్ చూడండి. వాటికి ఇంజన్, గేర్‌బాక్స్ వారంటీ 6 ఏళ్ళు లేదా 70 వేల మైళ్ళ దాకా ఉంటుంది, రిపేర్లూ తక్కువ. వీసా సంగతి తేలక, ఇంకో మూడేళ్ళు ఇక్కడ ఉంటామో లేదో తెలియనివాళ్ళకి లీజే నయం. లీజంటే అద్దె కొంపలాంటిదని చిన్నచూపు మనవాళ్ళకి. మూడేళ్ళూ వారంటీలోనే గడిచిపోతే రాత్రిళ్ళు నిద్రపడుతుంది కదా!

ఇంకోటి. మైళ్ళు తక్కువంటే మంచి కారు అనుకోవద్దు. పదేళ్ళలో 40 వేల మైళ్ళు తిరిగి, ఆయిల్ నాలుగే నాలుగుసార్లు మార్చిన కారు కన్నా, లక్ష మైళ్ళు తిరిగినా ప్రతి రసీదూ ఫైల్లో ఉన్న కారుకే నేను ఓటేస్తాను. రసీదులు చూపించమంటే "అన్నీ కార్‌ఫ్యాక్స్‌లో ఉన్నాయి" అనేవాళ్ళతో జాగ్రత్త. కార్‌ఫ్యాక్స్ అంటే కారు చరిత్ర చూపించే రిపోర్టు, అందులో ఎవరో రిపోర్టు చేసినవే ఉంటాయి. డబ్బులిచ్చి చేతులు దులుపుకున్న యాక్సిడెంట్లు అందులోకి ఎక్కవు.

కొనేముందు మీకు తెలిసిన మెకానిక్ దగ్గర ఇన్‌స్పెక్షన్ చేయించండి. మేమైనా ఇంకెవరైనా సరే. కారుని చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయనివ్వాలి. మీరు వెళ్ళేసరికి అమ్మేవాడు "ఏసీ వేసి ఉంచానండీ" అని ఇంజన్ వేడిచేసి పెట్టాడంటే మర్యాద అనుకోకండి. ముందు బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే రేపొస్తానని చెప్పి వచ్చేయండి. కీచుమన్నా, కటకటలాడినా, నీలం పొగొచ్చినా ఎక్కువగా చల్లని ఇంజన్లోనే మొదటి అరనిమిషంలో బయటపడతాయి.

అపోహ: వ్యాగన్ అంటే పెద్ద కారు, బరువు కారు, ముసలాళ్ళ కారు

నా సొంత గొడవ ఇది, కాబట్టి కొంచెం ఎక్కువ మాట్లాడతాను.

2019 దాకా అమెరికాలో అమ్మిన త్రీ సిరీస్ వ్యాగన్, దాని అన్న సెడాన్, రెండూ పొడవులో సమానం. సుమారు 4.6 మీటర్లు. చక్రాల మధ్య దూరం కూడా 2,810 మిల్లీమీటర్లే. అంటే వెనక సీట్లో కాళ్ళకి దొరికే చోటు అంతే. పార్కింగ్‌లో పట్టే చోటూ అంతే. ఇంకా విచిత్రం చెప్పనా? సెడాన్ డిక్కీ 480 లీటర్లు, వ్యాగన్‌లో సీట్లు ఎత్తి ఉంచితే 495. పదిహేను లీటర్ల తేడా. రెండు పెద్ద కోక్ ప్యాకుల చోటు.

మరి వ్యాగన్ ఎందుకు? డిక్కీ నోరు కోసం. మా అమ్మానాన్నలు మొదటిసారి వచ్చినప్పుడు నా దగ్గర సెడాన్ ఉండేది. నెవార్క్ ఎయిర్‌పోర్ట్‌లో నాలుగు పెద్ద సూట్‌కేసులు, ఒక్కోటీ 23 కిలోలు. డిక్కీలో చోటు ఉంది, సూట్‌కేసు లోపలికి దూరదు. నిలబెడితే పైఅంచుకి తగులుతుంది, పడుకోబెడితే రెండోది పట్టదు. ఒకటి వెనక సీట్లో అమ్మకీ మా ఆవిడకీ మధ్య కూర్చుంది. ఒకటి నాన్న ఒళ్ళో. ఆవకాయ సంచీ అమ్మ చేతిలో. ఇల్లు చేరేదాకా నాన్న ముఖం నాకు కనపడలేదు, సూట్‌కేసే కనిపించింది. ఆ ఏడాదే వ్యాగన్ కొన్నాను. వెనక సీటుని 40:20:40గా, అంటే మూడు ముక్కలుగా మడవొచ్చు. సీట్లన్నీ మడిస్తే 1,500 లీటర్లు. అప్పటి బీఎండబ్ల్యూ ఎక్స్3 ఎస్‌యూవీకి 1,600. ఆ వంద లీటర్ల కోసం అంత ఎత్తు బండి అక్కర్లేదని నా అభిప్రాయం. మా ఆవిడ అభిప్రాయం వేరు, అది ఇక్కడ రాయను.

వ్యాగన్ చూసి మా అమ్మ అన్న మొదటి మాట "ఇదేంట్రా, అంబులెన్స్‌లా ఉంది" అని. తప్పు లేదు. మన వైపు ఆ ఆకారం చూసింది అంబులెన్సుల్లోనూ, 1992లో వచ్చిన టాటా ఎస్టేట్‌లోనూ. అమెరికాలో కూడా వీటికి గిరాకీ లేదు కాబట్టి ఎంపిక తక్కువ. ఆడి 2013 మోడల్ నుంచి మామూలు ఏ4 వ్యాగన్ (దాన్ని అవంత్ అంటారు) మానేసి, కొంచెం ఎత్తుపెంచిన ఆల్‌రోడ్ మాత్రమే ఇక్కడ అమ్మింది. వాడినవాటిలో వోల్వో వీ60 దొరుకుతుంది. మెర్సిడెస్ సీ క్లాస్ వ్యాగన్ 2005 తర్వాత ఇక్కడ లేదు. ఉన్నవే తక్కువ కాబట్టి దొరికిన మంచి వ్యాగన్‌కి రేటు పెద్దగా తగ్గించరు, అమ్మేటప్పుడు మీకూ అదే కలిసొస్తుంది. ఇంజన్, గేర్‌బాక్స్, సస్పెన్షన్‌లో చాలా భాగం సెడాన్‌వే కాబట్టి రిపేర్ ఖర్చులో పెద్ద తేడా ఉండదు. వెనక తలుపు, దాని అద్దం పగిలితే మాత్రం పార్టు కోసం ఎదురుచూడాలి.

స్పోర్టీ కాదంటారా? 1994లో బ్రిటిష్ టూరింగ్ కార్ రేసుల్లో వోల్వో 850 ఎస్టేట్‌నే దించింది. డబ్బాలాంటి వ్యాగన్, రేసు సెడాన్లతో పోటీపడి పరిగెత్తింది.

మిగతావి, గబగబా

"ఆల్ వీల్ డ్రైవ్ ఉంది, మంచులో టెన్షన్ లేదు." ఇంజన్ శక్తి నాలుగు చక్రాలకీ వెళ్తుందంతే. కదలడానికి పనికొస్తుంది, ఆగడానికి కాదు. బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకీ ఉంటాయి. ఆపేది టైరు. స్పోర్ట్ ప్యాకేజీతో కొన్నిసార్లు సమ్మర్ టైర్లు వస్తాయి, వాటితో జనవరిలో రోడ్డెక్కకండి. చలికి ఆ రబ్బరు కొయ్యబారిపోతుంది. ఇంకోటి, ఆల్ వీల్ డ్రైవ్ కారుకి ఒక్క టైరే అరిగిందని ఒక్కటే మార్చి, వేరే కంపెనీది వేయించుకుని రాకండి. చుట్టుకొలతలో తేడా వస్తే ముందు, వెనక చక్రాలకి శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ రోజంతా నలుగుతుంది.

"గేర్‌బాక్స్ ఆయిల్ లైఫ్‌టైమ్." ఎవరి లైఫ్? ఈ కార్లలో చాలావాటికి 8-స్పీడ్ గేర్‌బాక్స్ చేసిచ్చే జెడ్‌ఎఫ్ కంపెనీయే 80 వేల నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది.

"బయట సర్వీస్ చేయిస్తే వారంటీ పోతుంది." పోదు. వారంటీల మీద 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ఉంది. కాకపోతే కారుకి చెప్పిన స్పెసిఫికేషన్ ఆయిలే పోయించి, రసీదు దాచుకోండి.

"రెగ్యులర్ గ్యాస్ పోసినా ఏం కాదు." రెగ్యులర్ గ్యాస్ అంటే ప్రీమియం కాని మామూలు పెట్రోల్. వెంటనే ఏం కాదు నిజమే, ఇంజన్ సర్దుకుని కొంత శక్తి తగ్గించుకుంటుంది. మరి ఆ శక్తి కోసమే కదా అన్ని డబ్బులు పెట్టింది? ఫ్యూయెల్ మూత దగ్గర ఏం రాసి ఉందో చూడండి. న్యూజెర్సీలో 1949 నుంచీ మన గ్యాస్ మనం పోసుకోకూడదు, బంకు కుర్రాడే పోస్తాడు. "ఫిల్ ఇట్" అని ఊరుకుంటే అలవాటు కొద్దీ రెగ్యులరే పోసేస్తాడు. నోరు తెరిచి "ప్రీమియం" అనండి.

చెక్ ఇంజన్ లైట్ వెలిగితే కంగారుపడి రాత్రి పదకొండింటికి ఫోన్ చేసేవాళ్ళున్నారు. చేయండి, తిట్టను. లైట్ నిలకడగా ఉండి, కారు మామూలుగానే నడుస్తుంటే రేపు పొద్దున తీసుకురండి. మిణుకుమిణుకుమంటుంటే పక్కన ఆపి ఇంజన్ ఆఫ్ చేయండి. టెంపరేచర్ ఎర్రగా చూపించినా, ఆయిల్ ప్రెషర్ లైట్ వెలిగినా అంతే. ఇల్లు రెండు మైళ్ళే ఉంది కదా అని నడిపేసి ఇంజన్ పోగొట్టుకున్నవాళ్ళని చూశాను.

మొన్న బుధవారం తెనాలి కుర్రాడు మళ్ళీ ఫోన్ చేశాడు. పెళ్ళి కుదిరిందట. ఈసారి వ్యాగన్ చూశాడు, 92 వేల మైళ్ళు, ఒకే ఓనర్, రిటైరైన స్కూల్ టీచర్. రసీదుల ఫొటోలు పదిహేడు పంపాడు. అడ్వాన్స్ ఇచ్చావా అంటే, "లేదన్నా, మూడు వేలు పక్కన పెట్టాకే ఫోన్ చేస్తున్నా" అన్నాడు. రాత్రంతా కారుని మా షాపు ముందు ఉంచేలా ఆ టీచర్‌ని ఒప్పించాడట. శనివారం ఏడింటికి వెళ్ళేసరికి కారు పక్కనే కాఫీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే బానెట్ మీద అరచెయ్యి ఆనించి, "చల్లగా ఉందన్నా" అని తాళం నా చేతికిచ్చాడు.