ఏ నొటేషన్ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలి? అపోహలు - వాస్తవాలు

నేను కీబోర్డూ వయొలినూ నేర్పిస్తా, చిన్న చిన్న స్కోర్లు, అంటే వాయించడానికి స్వరాలు రాసిన పేజీలు, రాస్తుంటా. అవి కంప్యూటర్లో రాసి, విని, ప్రింట్ తీసుకునేదే నొటేషన్ సాఫ్ట్‌వేర్. "ఏ సాఫ్ట్‌వేర్ కొనమంటారు సార్" అని అడిగేవాళ్ళ దగ్గర ఎప్పుడూ ఇవే అపోహలు కనిపిస్తున్నాయి, అందుకే ఒకచోట రాస్తున్నా.

అపోహ: ఫ్రీది పిల్లలకే, సీరియస్ పనికి పనికిరాదు.
వాస్తవం: మ్యూజ్‌స్కోర్ స్టూడియో ఫ్రీ, ఓపెన్ సోర్స్, 2022 డిసెంబర్‌లో 4వ వెర్షన్ వచ్చాక ప్రింటూ సౌండూ బాగా మెరుగయ్యాయి, క్లాసు వర్క్‌షీట్లే కాదు స్ట్రింగ్ క్వార్టెట్ కూడా హాయిగా రాసుకోవచ్చు. స్కోర్లు పెట్టే వెబ్‌సైట్ ఒకటి అదే పేరుతో ఉంది, అక్కడ డబ్బు అడిగితే సాఫ్ట్‌వేరుకే కట్టాలనుకుని చాలామంది వెనక్కి వెళ్ళిపోతున్నారు, అది వేరు ఇది వేరు. పెద్ద ఆర్కెస్ట్రాకి రోజూ పార్టులు (ఒక్కో వాద్యానికి విడి పేజీలు) తీసేవాళ్ళయితే డోరికో, సిబేలియస్ అనే వేరే నొటేషన్ సాఫ్ట్‌వేర్లు ట్రయల్ వేసి చూడండి.

అపోహ: పేరున్నది కొంటే ఇక జీవితాంతం బెంగ లేదు.
వాస్తవం: 1988లో వచ్చిన ఫినాలే అనే పేరున్న నొటేషన్ సాఫ్ట్‌వేర్‌ని ఇక ఆపేస్తున్నామని 2024 ఆగస్టులో ప్రకటించారు. కాబట్టి కొనేముందు అడగాల్సింది ధర ఒక్కటే కాదు, మన పని అందులోంచి ఇంకో సాఫ్ట్‌వేర్‌లోకి ఎలా వస్తుంది అని. దానికి మ్యూజిక్ ఎక్స్ఎంఎల్ ఫైల్ ఉంది, స్వరాలూ సాహిత్యమూ వచ్చేస్తాయి, పేజీ అమరిక మాత్రం మళ్ళీ సర్దుకోవాలి. మిడి (ఏ కీ ఎప్పుడు నొక్కాలో నంబర్లలో చెప్పే ఫైల్) పంపితే చాలదా అంటారు, చాలదండి, మిడికి తెలిసింది 61 అనే నంబరే, అది సి షార్పో డి ఫ్లాటో దానికి తెలీదు.

అపోహ: ప్లేబ్యాక్‌లో బాగుంటే రాసింది కరెక్టే.
వాస్తవం: కంప్యూటరుకి ఊపిరి అక్కర్లేదు, ఫ్లూట్ వాయించే మనిషికి కావాలి. అంతే.

అపోహ: మన కర్ణాటక సంగీతం వీటిలో రాయలేం.
వాస్తవం: కొంత రాయొచ్చు. సరళీవరసలు నేర్పే మాయామాళవగౌళనే తీసుకోండి, సి ని షడ్జమం చేసుకుంటే రి, ధ రెండే ఫ్లాట్, మామూలు కీ సిగ్నేచర్లలో (వరస మొదట్లో పెట్టే షార్ప్, ఫ్లాట్ గుర్తులు) అలాంటిది దొరకదు, కానీ మ్యూజ్‌స్కోర్‌లో మనమే కస్టమ్‌గా తయారుచేసి పెట్టుకోవచ్చు, కింద తెలుగులో సాహిత్యం టైప్ చేయొచ్చు, పిల్లాడి శ్రుతి వేరైతే ఒక్క కమాండుతో ట్రాన్స్‌పోజ్ చేసి ఇవ్వొచ్చు, నాకిది నిజంగా చాలా ఉపయోగం. చిక్కంతా గమకంతోనే, అంటే స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించడంతోనే. సుబ్బరామ దీక్షితులు 1904లోనే తెలుగు లిపిలో అచ్చువేసిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో గమకాలకి వేరే గుర్తులు వాడారు, ఆ గుర్తుల పని స్టాఫ్ (పాశ్చాత్య నొటేషన్‌లోని అయిదు గీతలు) మీద పెట్టే ట్రిల్లు, స్లర్ లాంటి గుర్తులు చెయ్యలేవు. అందుకే నేను పిల్లలకి నొటేషన్ పేజీ ఒక్కటే పంపను, అదే వరస పాడి రికార్డ్ చేసి ఆడియో కూడా జతచేస్తా.