నోరు కట్టుకోవడం: అపోహలు - వాస్తవాలు

ఆహారపు అలవాట్ల గురించి సలహా కోసం వచ్చేవారిలో చాలామంది కూర్చోగానే అనే మాట, "నాకు నోరు కట్టుకోవడం చేతకాదండీ." అంటూనే తల దించుకుంటారు. ఆ తల ఎత్తించడమే నా మొదటి పని.

అపోహ: అతిగా తినేవారికి మనోబలం తక్కువ.

వాస్తవం: ఒకామె రోజూ రాత్రి పదకొండింటికి వంటింట్లో లైటు కూడా వేయకుండా నిలబడి బిస్కెట్ల ప్యాకెట్ ఖాళీ చేసేవారు. రాత్రి సంగతి పక్కన పెట్టి, పగలు తిన్నవి రాసి తెమ్మన్నాను. ఉదయం కాఫీ, మధ్యాహ్నం తిన్నాననిపించడం, సాయంత్రం ఏమీ లేదు. పగలంతా కడుపు మాడ్చుకున్న ఫలితమే ఆ రాత్రి తిండి. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలల పాటు ఇంచుమించు సగం తిండే పెట్టి గమనించారు. వాళ్లు పట్టుదలతో స్వచ్ఛందంగా వచ్చినవారు. అయినా వాళ్లకు తిండి తప్ప మరో ధ్యాస లేకుండా పోయింది. మళ్లీ తిండి దొరికాక కొందరు ఎంత తిన్నా ఆపుకోలేకపోయారు. ఆకలేసిన శరీరం చేసే పని అది, గుణలోపం కాదు. ఆమెకు సాయంత్రం ఐదింటికి కడుపు నిండే తిండి చేర్చాం. ప్యాకెట్ పూర్తిగా మానలేదు గానీ కొన్ని వారాల్లో సగానికి వచ్చింది.

అపోహ: నిగ్రహం వాడేకొద్దీ తరిగిపోతుంది.

వాస్తవం: 1998లో మనస్తత్వ శాస్త్రవేత్త రాయ్ బౌమైస్టర్ బృందం చేసిన ప్రయోగాలతో ఈ మాట బాగా ప్రచారమైంది. 2016లో 23 ప్రయోగశాలలు కలిసి రెండు వేల మందికి పైగా పరీక్షిస్తే ఆ ప్రభావం దాదాపు కనిపించలేదు.

అపోహ: నిగ్రహానికి శిక్షణ అంటే ఇష్టమైన తిండిని ఎదురుగా పెట్టుకుని ముట్టకుండా ఉండటం.

వాస్తవం: దయచేసి ఇలా చేయకండి. కంప్యూటర్ తెర మీద చాక్లెట్ బొమ్మ వచ్చినప్పుడు బటన్ నొక్కకుండా చేయిని ఆపుకునే అభ్యాసం ఒకటుంది. పదేపదే చేస్తే ఆ పదార్థం మీద మోజు కొంత తగ్గుతుంది. అయితే ఆ ప్రభావం చిన్నది. నేను ఎక్కువగా నమ్మేది మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ పరిశోధించిన పద్ధతిని: "ఇలా జరిగితే ఇలా చేస్తాను" అని ముందే ఖాయం చేసుకోవడం. రాత్రి బిస్కెట్లు తినే ఆమె తన చేత్తో రాసుకున్నది ఇది: "రాత్రి వంటింట్లోకి వెళితే ముందు లైటు వేస్తాను. నాలుగు బిస్కెట్లు పళ్లెంలో పెట్టుకుని, ప్యాకెట్ మూసేసి, కూర్చుని తింటాను." ఆ క్షణంలో ఆలోచించాల్సిన పని ఉండదు. అప్పటికే నిర్ణయం అయిపోయింది.

అపోహ: గట్టిగా అనుకుంటే ఎవరైనా ఆపుకోగలరు.

వాస్తవం: అదుపు తప్పి కొద్దిసేపట్లోనే చాలా ఎక్కువగా తినేయడం, ఆ తర్వాత కుమిలిపోవడం, వారానికి కనీసం ఒకసారి చొప్పున మూడు నెలలుగా జరుగుతుంటే అది చికిత్స ఉన్న రుగ్మత కావచ్చు. అలాంటివారికి నేను ఆహార పట్టిక ఇవ్వను. ఆ రోజే మానసిక వైద్యుల దగ్గరకు పంపిస్తాను.