పుస్తకం మూశాక మొదలయ్యే చదువు

పాఠాన్ని నాలుగు విడతలు చదవడం మేలా, ఒక విడత చదివి మూడు విడతలు పుస్తకం చూడకుండా గుర్తున్నంత రాయడం మేలా? అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీకి చెందిన హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ ఈ సంగతి తేల్చడానికి కాలేజీ విద్యార్థుల మీద ఒక ప్రయోగం చేసి, 2006లో ఫలితాలు ప్రచురించారు. చదవడానికిచ్చినవి చిన్న వ్యాసాలే. ఒకటి సూర్యుడి గురించి, ఇంకొకటి సముద్రపు నీటికుక్కల గురించి.

ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదువుతూ కూర్చున్నవాళ్లదే పైచేయి. వాళ్లకు 83 శాతం గుర్తుంది, రాసినవాళ్లకు 71 శాతమే. వారం తర్వాత మాత్రం కథ తిరగబడింది. చదివినవాళ్లు 40 శాతానికి పడిపోయారు, రాసినవాళ్ల దగ్గర 61 శాతం మిగిలింది. ఇంకో విశేషం ఉంది. వారం తర్వాత ఎంత గుర్తుంటుందనుకుంటున్నారని ముందే అడిగినప్పుడు ఎక్కువ ధీమాగా చెప్పింది మళ్లీ మళ్లీ చదివినవాళ్లే!

ఆ ధీమా ఊరికే రాదు. నాలుగోసారి చదివేటప్పుడు కళ్లు తడుముకోకుండా పరుగెడతాయి. ‘ఇదంతా వచ్చేసింది’ అనిపిస్తుంది. పెళ్లిలో ఎవరో ఎదురై పలకరిస్తారు. ముఖం బాగా తెలిసినదే, పేరు మాత్రం నోటికి రాదు. చూసి గుర్తుపట్టడం వేరు, చూడకుండా గుర్తు తెచ్చుకోవడం వేరు. పరీక్ష హాల్లో మన ముందుండేది తెల్లకాగితం కాబట్టి అక్కడ కావలసింది రెండోదే. ‘అన్నీ చదివాను, ఒక్కటీ గుర్తు రాలేదు’ అని ఏడ్చే పిల్ల అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే చదివింది. గుర్తు తెచ్చుకోవడం మాత్రం మొదటిసారి హాల్లోనే చేసింది.

తరగతి గదిలో దీనికి ఖర్చేమీ లేదు. నిన్న కిరణజన్య సంయోగక్రియ చెప్పారనుకుందాం. ఇవాళ టీచరు రాగానే పుస్తకాలు మూయించి, గుర్తున్నది రాయమంటారు. కార్బన్ డయాక్సైడ్, నీరు, ఎండ, పత్రహరితం... ఇంతవరకు అందరూ రాస్తారు. బయటికొచ్చే ఆక్సిజన్ ఎక్కడిది? సగంమంది కార్బన్ డయాక్సైడ్ నుంచి అని రాసినా ఆశ్చర్యపోనక్కర్లేదు. అది నీటి నుంచి వస్తుందని టీచరు అప్పుడు చెబితే ఆ మాట అతుక్కుంటుంది. అప్పటికే పిల్లలు ఒక జవాబుకు కట్టుబడి ఉన్నారు కదా! తప్పు దిద్దడం ఇందులో ముఖ్యం. దిద్దకుండా వదిలేస్తే ఆ తప్పే పాతుకుపోవచ్చు.

ఈ కిటుకు మన అవధానులకు కొత్త కాదు. అష్టావధానంలో పద్యం ఒక్కసారిగా పూర్తి కాదు. ప్రశ్న వేసే ఒక పృచ్ఛకుడికి ఒక పాదం చెప్పి మిగతావాళ్ల దగ్గరికి వెళ్తారు, మధ్యలో అప్రస్తుత ప్రసంగం అల్లరి ఉంటుంది, మళ్లీ తిరిగి వచ్చేసరికి పాత పాదాన్ని తలుచుకుని కొత్తది కట్టాలి. చివర్లో ధారణ, అంటే పూర్తయిన పద్యాలన్నీ తిరిగి అప్పజెప్పడం. కొంత మరుపు రానిచ్చి మళ్లీ లాక్కురావడం ఆ ప్రక్రియలోనే ఇమిడి ఉంది. పాండిత్యం, ప్రతిభ సరే, ఈ ఏర్పాటు కూడా వాళ్లకు సాయపడుతోందని నా అనుమానం.

లెక్కల్లో ఇంకో మెలిక ఉంది. డగ్ రోరర్, కెల్లీ టేలర్ 2007లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు ఘనాకృతుల ఘనపరిమాణం లెక్కలను ఒక రకం పూర్తయ్యాకే ఇంకో రకం చేశారు, మిగతావాళ్లు అన్ని రకాలూ కలగలిపి చేశారు. సాధన చేసేటప్పుడు మొదటివాళ్లు 89 శాతం సరిగ్గా చేస్తే, కలిపి చేసినవాళ్లు 60 శాతమే. వారం తర్వాతి పరీక్షలో మొదటివాళ్లకు 20 శాతం, రెండోవాళ్లకు 63 శాతం వచ్చాయి. మన పాఠ్యపుస్తకాల్లో అధ్యాయం చివరి అభ్యాసాలు చూడండి. లెక్క చదవకముందే ఏ సూత్రం వాడాలో పిల్లాడికి తెలిసిపోతుంది. అసలు కష్టమైన పని, సూత్రాన్ని ఎంచుకోవడం, వాడిచేత ఎవరూ చేయించరు.

ఇదంతా విని మన కార్పొరేట్ కాలేజీలు ‘మేం రోజూ స్లిప్ టెస్టులు పెడుతూనే ఉన్నాం’ అనవచ్చు. పనిముట్టు సరైనదే, వాడే తీరే చేటు. మార్కులు గోడకు అంటించి, ర్యాంకుల వారీగా సెక్షన్లు మార్చే చోట పిల్లల ధ్యాస తెలియనిదాన్ని కనిపెట్టడం మీద కాక, దాన్ని కప్పిపుచ్చడం మీద ఉంటుంది. మార్కులు వేయని టెస్టు, తన కాగితాన్ని తానే దిద్దుకునే టెస్టు కావాలి.

ఇక మళ్లీ ఎప్పుడు గుర్తు తెచ్చుకోవాలి? 2008లో నికొలస్ సెపెడా బృందం వెయ్యిమందికి పైగా మనుషుల మీద చేసిన అధ్యయనంలో దానికి అంకెలు దొరికాయి. పరీక్ష వారంలో ఉంటే, మొదట చదవడానికీ మళ్లీ ముట్టుకోవడానికీ మధ్య ఒక రోజు ఎడం బాగా పనిచేసింది. దాదాపు ఏడాది దూరంలో ఉంటే మూడు వారాల ఎడం మేలు. అంటే మార్చిలో పబ్లిక్ పరీక్ష రాసే పిల్లాడు జూన్‌లో విన్న పాఠాన్ని మళ్లీ ముట్టుకోవలసింది ఫిబ్రవరి రివిజన్‌లో కాదు, జులైలోనే.