మోచేయి వంగని సైనికుడు

చిరంజీవులు కార్తీక్‌కు, మేఘనకు తాతయ్య ఆశీస్సులు.

కార్తీక్, నువ్వు పంపిన ఫొటో చేరింది. పాత సామాన్ల సంతలో మీ నాన్న బేరమాడి కొన్న ఆ తెల్లకవచం సైనికుణ్ణి, అదే స్టార్ వార్స్ సినిమా బొమ్మను, అరచేతిలో నిలబెట్టి తీశావు. ఫొటో కన్నా దాని కింద నువ్వు రాసిన ప్రశ్న నాకు ఎక్కువ నచ్చింది. "తాతయ్యా, దీని చెయ్యి భుజం దగ్గర తిరుగుతుంది కానీ మోచేయి వంగదు. మెడ అసలే తిరగదు. నా కొత్త బొమ్మకైతే మణికట్టు కూడా వంగుతుంది. మరి దీనికి అంత డబ్బు ఎందుకు అడిగారు?" అన్నావు.

డబ్బు సంగతి తరువాత చూద్దాం. మోచేయి సంగతి మాత్రం నన్ను అడగవలసిందే. ఉద్యోగం చేసినంత కాలం బాలానగర్‌లో ప్లాస్టిక్ వస్తువులకు ఉక్కు అచ్చులు చెక్కినవాణ్ణి నేను. బకెట్లు, మగ్గులు, సీసా మూతలు, దువ్వెనలు చేశాం. బొమ్మల పని మాత్రం మా షెడ్డుకు ఎప్పుడూ రాలేదు. అందుకే మీ సైనికుణ్ణి చూడగానే చెయ్యి దురద పెట్టింది.

ఇద్దరూ ఒకసారి వంటింట్లోకి వెళ్లి ఇడ్లీ రేకులు తీయించుకోండి. రేకులో గుంటలు ఉన్నాయి కదా. ఇడ్లీకి ఆ గుండ్రని రూపం ఎక్కడి నుంచి వచ్చింది? పిండి నుంచి కాదు, గుంట నుంచి. పిండికి సొంత రూపం లేదు, ఎందులో పోస్తే అలా అవుతుంది. ప్లాస్టిక్ కూడా అంతే. దాన్ని కరిగించి, గట్టిగా ఒత్తి, ఉక్కు గుంటలోకి తోస్తారు. అక్కడ చల్లబడి గట్టిపడుతుంది. తొందరపడి వేడి ఇడ్లీని తీయబోతే సగం రేకుకే అంటుకుంటుంది, అమ్మ కోప్పడుతుంది. మా షెడ్డులోనూ చల్లారేదాకా అచ్చు తెరవకూడదు. తెరిస్తే మేస్త్రీ కోప్పడతాడు.

ఇప్పుడు అసలు సంగతి. ఇడ్లీల్లో ఖర్చు దేనికి? పిండి చవక. పాత్ర కొనడమే ఒక్కసారిగా బరువు. పాత్ర కొన్నాక వాయ తరువాత వాయ దించుకుంటూ పోతే ఆ బరువు వందల ఇడ్లీల మీద పంచుకుపోతుంది. బొమ్మల్లో ఈ లెక్క ఇంకా పెద్దది. ఉక్కు అచ్చు చెక్కడానికి నెలలు పడుతుంది. బొమ్మకు ఒక చెయ్యి అంటే అచ్చులో ఒక గుంట. అదే చేతికి మోచేయి కావాలన్నావనుకో, పై చేయికి ఒక గుంట, కింది చేయికి ఒక గుంట, రెంటినీ కలిపే చీలకు ఇంకో ఏర్పాటు కావాలి. రెండు చేతులకూ అంతే. తరువాత వాటిని ఒక్కొక్కటిగా కూర్చడానికి మనుషులు కావాలి. వేలెడు బొమ్మలో ఆ చీల సూదంత సన్నగా ఉంటుంది, ఒక్కసారి గట్టిగా తిప్పితే విరుగుతుంది. అందుకే ఆ రోజుల్లో చిన్న బొమ్మకు మెడ, రెండు భుజాలు, రెండు తొడల మొదళ్లు, మొత్తం ఐదు కీళ్లే ఇచ్చారు. నీ సైనికుడికి శిరస్త్రాణం మొండెంతో కలిసే పోత పడింది కనుక మెడ కూడా పోయి నాలుగే మిగిలాయి.

అంతకు ముందు బొమ్మలు ఇలా ఉండేవి కావు. 1964లో అమెరికాలో హాస్బ్రో వాళ్లు జి.ఐ. జో అనే సైనికుణ్ణి తెచ్చారు. ఎత్తు దాదాపు అడుగు. కదిలే భాగాలు 21 అని గొప్పగా ప్రకటించుకున్నారు. ఒంటి మీద కుట్టిన గుడ్డల యూనిఫాం, కాళ్లకు తొడిగి విప్పే బూట్లు ఉండేవి. ఇడ్లీ అన్నాను కదా, అది పెద్ద కంచమంత తట్ట ఇడ్లీ అనుకోండి. ఇంతలో 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు అమెరికాకు చమురు సరఫరా ఆపాయి. కొద్ది నెలల్లోనే ముడిచమురు ధర దాదాపు నాలుగింతలైంది. ప్లాస్టిక్ పుట్టేది చమురు నుంచే. అంటే పిండి ధరే మండిపోయింది! పిండి ప్రియమైతే హోటలువాడు ఏం చేస్తాడు? ఇడ్లీని చిన్నది చేస్తాడు. ఆ అడుగు ఎత్తు సైనికుడు 1976 నాటికి అమెరికా దుకాణాల నుంచి సెలవు తీసుకున్నాడు.

ఆ మరుసటి ఏడాది, 1977 మే 25న, స్టార్ వార్స్ సినిమా విడుదలైంది. దాని బొమ్మలు చేసే హక్కు తీసుకున్న కెన్నర్ కంపెనీ ఎక్కడిదో తెలుసా? మీరు ఉంటున్న సిన్సినాటిదే. స్టైనర్ అన్నదమ్ములు ముగ్గురు అక్కడి కెన్నర్ వీధి పేరు పెట్టి మొదలుపెట్టిన సంస్థ. బొమ్మలు ఏ సైజులో ఉండాలన్న మాట వచ్చినప్పుడు దాని అధిపతి బెర్నార్డ్ లూమిస్ బొటనవేలు, చూపుడువేలు చాచి "ఇంత" అన్నాడని చెబుతారు. కొలిస్తే మూడుముప్పావు అంగుళాలు వచ్చిందట. కథ బాగుంది. కానీ నాలాంటి అచ్చుల మనిషికి అసలు కారణం వేరే చోట కనిపిస్తుంది. ఆ సినిమా నిండా విమానాలు, అంతరిక్ష నౌకలు. మనిషి అడుగు ఎత్తుంటే, అతను కూర్చునే నౌక మీ మంచమంత చేయాలి. ఎవరు కొంటారు? ఎక్కడ పెడతారు? మనిషిని వేలెడు చేస్తే నౌక పళ్లెమంత అయి చంకలో ఇముడుతుంది. ఇడ్లీ చిన్నదైతే సాంబారు గిన్నె కూడా చిన్నది చాలు. అప్పుడు రెండూ అమ్ముడవుతాయి. వ్యాపారం తెలిసినవాళ్లే!

ఈ ఇడ్లీ పోలిక నా సొంత తెలివి అనుకునేరు. 1967లో కెన్నర్‌ను కొన్నది జనరల్ మిల్స్, అంటే గోధుమ పిండి ఆడించే కంపెనీ! పిండివాళ్లే బొమ్మలు పోయించారు.

ఇంకొక తమాషా వినండి. సినిమా చూసిన పిల్లలందరికీ క్రిస్మస్‌కు బొమ్మలు కావాలి. అచ్చులేమో ఇంకా సిద్ధం కాలేదు. నెలలు పడుతుందన్నాను కదా. కెన్నర్ వాళ్లు ఏం చేశారంటే, 1977 క్రిస్మస్‌కు బొమ్మలు లేకుండానే అట్ట ప్యాకెట్టు అమ్మారు. లోపల ఒక అట్టముక్క, కొన్ని స్టిక్కర్లు, ఒక కూపను. కూపను పోస్టులో పంపితే తరువాతి ఏడాది నాలుగు బొమ్మలు ఇంటికి వస్తాయి. పిండి పులవకముందే టోకెన్లు ఇచ్చిన హోటలన్నమాట. జనం నవ్వారు, కానీ కొన్నారు. 1978లో ఆ నాలుగు బొమ్మలూ పోస్టులో వచ్చాయి. దుకాణాలకు మొదటి విడతగా పన్నెండు రకాలు చేరాయి, మీ సైనికుడు ఆ పన్నెండు మందిలో ఒకడు. 1985 వచ్చేసరికి రకాలు దాదాపు వంద.

ఆ రోజుల్లో ఇవేవీ మన దేశానికి రాలేదు. విదేశీ సరుకు దిగుమతికి అప్పట్లో సవాలక్ష ఆంక్షలు. మరి నేను దేనితో ఆడుకున్నానంటారా? మాది పల్నాడులో జొన్న పండే ఊరు. నా చిన్నతనం ఇంకా ముందు, యాభైల చివరి మాట. జొన్న చొప్ప పైన పెంకు ఒలిస్తే లోపల తెల్లని బెండు ఉంటుంది. దూదికన్నా గట్టి, చెక్కకన్నా మెత్తన. బెండుతో మొండెం, చేతులు, కాళ్లు చేసి తుమ్మ ముళ్లతో గుచ్చేవాళ్లం. పెంకు చీలికతో గద. నా భీముడికి భుజమూ మోచేయీ మోకాలూ అన్నీ వంగేవి! ముల్లు గుచ్చిన చోటల్లా కీలే కదా. మా వీధిలో అన్ని కీళ్లున్న బొమ్మ ఇంకెవరికీ లేదు. అయితే తిప్పినకొద్దీ ముల్లు తిరిగే కన్నం పెద్దదయ్యేది, చెయ్యి ఊడి వచ్చేది. ఎక్కడ కీలు ఎక్కువో అక్కడ ముందు విరుగుతుందన్న సంగతి అచ్చుల పనిలో చేరకముందే నాకు భీముడు నేర్పాడు. చివరికి అతను దుర్యోధనుడి చేతిలో పోలేదు. సాయంత్రం పశువుల కొట్టం అరుగు మీద పెట్టి కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాను. వచ్చి చూస్తే దూడ నములుతోంది. దాన్ని తిట్టి ఏం లాభం? దాని మేతతోనే నేను బొమ్మ చేశాను.

మా ఊళ్లో కరణంగారింట సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టేవారు. మెట్ల మీద కొండపల్లి బొమ్మలు, అంబారీ ఏనుగు, కల్లు గీసేవాడు, దశావతారాలు బారులు తీరి ఉండేవి. అవి తెల్లపొణికి చెక్కతో చేసినవి. ఒక్కో అవయవాన్ని విడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికిస్తారు. ఎంత అందంగా ఉండేవో! ఏనుగు తొండం మీద ఒక్కసారి వేలు పెట్టాలనిపించేది. పెట్టబోతే "ముట్టుకోకూడదు" అనేవారు. వాళ్ల తప్పు లేదు, రంగు పోతుంది. అయినా పిల్లల చేతులకు ఆ మాట ఎంత కష్టమో పెద్దలు మరిచిపోతారు.

నీ రెండో ప్రశ్న ఇక్కడికే వస్తుంది, కార్తీక్. మీ సైనికుడు దుకాణంలో సుమారు రెండు డాలర్లకు దొరికేవాడు. ఇప్పుడు అంతకు ఎన్నో రెట్లు అడిగారు. అయినా మీ నాన్నకు చవకగా వచ్చాడనే చెప్పాలి, ఎందుకంటే వాడితో ఎవరో బాగా ఆడుకున్నారు. మోకాలి మీద రంగు పోయింది, తుపాకి ఎక్కడో జారిపోయింది. అదే బొమ్మ అట్ట మీద ప్లాస్టిక్ బుడగలో, ఎవరూ విప్పకుండా ఉండి ఉంటే ధర ఎక్కడికో పోయేది. ఎవరూ తాకని బొమ్మే ప్రియం! డెబ్బైలలో పిల్లలుగా ఉన్నవాళ్లు ఇప్పుడు జుట్టు నెరిసి, చేతిలో నాలుగు డబ్బులు ఉండి, అమ్మ ఎప్పుడో పారేసిన బొమ్మను తిరిగి కొనుక్కుంటున్నారు. అప్పుడు వాళ్లందరూ ప్యాకెట్టు చింపి ఆడుకున్నారు కనుక చింపనివి అరుదైపోయాయి. నేను వాళ్లను వెక్కిరించను. నా భీముణ్ణి ఎవరైనా అమ్ముతానంటే నేను పింఛను డబ్బు తీసుకుని వెళ్లనూ? కాకపోతే ఇంటికి తెచ్చాక గాజు బీరువాలో పెట్టను. మీరూ పెట్టకండి. వస్తువును జాగ్రత్తగా వాడటం వేరు, వాడకుండా దాచడం వేరు.

న్యూయార్క్ రాష్ట్రంలో రోచెస్టర్ అనే ఊళ్లో ఆటవస్తువుల మ్యూజియం ఉంది, స్ట్రాంగ్ మ్యూజియం అంటారు. అక్కడ గొప్ప బొమ్మలకు ఒక గౌరవ మందిరం కట్టారు. జి.ఐ. జోకు 2004లో, మీ సైనికుడి పరివారానికి 2012లో అందులో చోటు దక్కింది. ఆ మధ్యలో ఎవరికి దక్కిందో ఊహించండి. 2005లో ఖాళీ అట్టపెట్టెకు, 2008లో మామూలు కర్రపుల్లకు! ఆ వార్త చదివి నేను ఒక్కణ్ణే చాలాసేపు నవ్వుకున్నాను. అట్టపెట్టెకు ఎన్ని కీళ్లు? కర్రపుల్లకు ఎన్ని?

మోచేయి కూడా ఎంతో కాలం ఆగలేదు లెండి. 1982లో జి.ఐ. జో తిరిగి వచ్చాడు, ఈసారి మీ సైనికుడి ఎత్తులోనే. మోచేతులు, మోకాళ్లు వంగేవి. నడుములో ఒక రబ్బరు వలయం ఉండి పైభాగాన్నీ కాళ్లనూ కలిపి పట్టుకునేది. ఆ బొమ్మలు తరువాత మన దేశంలోనూ ఫన్‌స్కూల్ పేరుతో తయారయ్యాయి. మీ నాన్నకు ఒకటి కొనిచ్చాను. వీపు మీది మరను నా స్క్రూడ్రైవరుతో విప్పి, లోపలి వలయాన్ని బల్ల మీద పెట్టుకుని భోజనానికి కూడా లేవలేదు. అడగండి, చెబుతాడు.

ప్లాస్టిక్ గుంటలోకి ఎలా వెళ్తుందో, ఎలా బయటికి వస్తుందో చెప్పాను. అలా వచ్చిన ముక్కకు ప్రాణం ఎప్పుడు వస్తుందన్నదానికి ఏ షెడ్డులోనూ అచ్చు లేదు. అది కావాలంటే మేఘనను చూడు. తను ఆ సైనికుణ్ణి సోఫా మీది నుంచి కిందికి పడేసినప్పుడు పక్కన నిశ్శబ్దంగా కూర్చో. "అమ్మో" అన్నది ఎవరో విను. వాడు పరుగెత్తుతున్నప్పుడు ఎవరి మోచేతులు వంగుతున్నాయో చూడు. తనకు తెలియకుండా చూడాలి, తెలిస్తే ఆపేస్తుంది.

ఇక మీ ఇద్దరికీ ఒక పని. భూతద్దం తీసుకుని బొమ్మను కిటికీ దగ్గరికి తీసుకెళ్లండి. భుజం కింద నుంచి పక్క వెంబడి సన్నని గీత కనిపిస్తుంది. మొండెం రెండు సగాలు అతుక్కున్న చోటు అది, చేతులనూ కాళ్లనూ మధ్యలో పెట్టి మూసేశారు. పాదాల అడుగున చిన్న రంధ్రాలుంటాయి, అవి ఎందుకో నౌకల బొమ్మలు దొరికితే తెలుస్తుంది. కాలి వెనుక వైపు చీమ తలంత అక్షరాలు ఉండాలి. పిండి కంపెనీ పేరు పొట్టిచేసి, ఒక సంవత్సరం, బొమ్మను పోసిన ఊరు చెక్కి ఉంటాయి. అక్షరాలు అరిగిపోయి ఉంటే మెత్తని పెన్సిలు పొడి రాసి చూడండి, తరువాత సబ్బునీళ్లతో కడిగేయవచ్చు. గోరుతో మాత్రం గీకకండి. కనిపించింది కనిపించినట్టు కాగితం మీద పెద్దగా గీసి, పోస్టులో పంపండి. ఫోనులో వద్దు, నా కళ్లజోడుకు ఆ తెర సరిపడదు.

మీ తాతయ్య