యాప్ డేటాకు తాళం: 2019లోనే పడిన పీటముడి

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కింద 2025 నవంబరులో నిబంధనలు వెలువడ్డాక ఒక పాత వివాదం మళ్లీ రాజుకుంది. ఫోన్‌లో యాప్ దాచుకునే సమాచారాన్ని ఆ యాపే ఎన్‌క్రిప్ట్ చేసుకోవాలా (అంటే కీ అనే రహస్య సంఖ్య లేనిదే చదవలేని రూపంలోకి మార్చుకోవాలా), లేక ఆ బాధ్యతను ఫోన్‌కు వదిలేయవచ్చా అన్నదే ఆ వివాదం. డేటా భద్రతకు తీసుకోవలసిన చర్యల్లో ఎన్‌క్రిప్షన్‌ను ఈ నిబంధనలు పేరు పెట్టి చెప్పాయి. తగిన రక్షణ చర్యలు తీసుకోని సంస్థకు చట్టం ప్రకారం 250 కోట్ల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. అయితే అదే ఏడాది ఏప్రిల్‌లో, ఆండ్రాయిడ్ డెవలపర్లు ఈ పనికి వాడుతూ వచ్చిన జెట్‌ప్యాక్ సెక్యూరిటీ క్రిప్టో లైబ్రరీ (సిద్ధంగా దొరికే కోడ్)లోని ఏపీఐలన్నింటినీ, అంటే యాప్‌లు పిలిచి వాడుకునే ఫంక్షన్లన్నింటినీ, గూగుల్ డెప్రికేట్ చేసింది, అంటే ఇకపై వాడవద్దని గుర్తు పెట్టింది. వాటికి బదులు ఆండ్రాయిడ్‌లో ముందునుంచీ ఉన్న ఏపీఐలను, ఫోన్‌లో కీలను భద్రపరిచే కీస్టోర్‌ను నేరుగా వాడుకోమంది. జులైలో వచ్చిన 1.1.0 స్థిర వెర్షన్ కూడా అదే ముద్రతో వెలువడింది.

యాప్‌లు చిన్న చిన్న విలువలు దాచుకోవడానికి ఆండ్రాయిడ్ తొలినాళ్ల నుంచీ ఉన్న షేర్డ్ ప్రిఫరెన్సెస్ మామూలు ఎక్స్‌ఎంఎల్ ఫైలులో, ఎవరైనా చదవగలిగే అక్షరాల్లో డేటాను రాస్తుందన్నది తెలిసిన సంగతే. రూట్ చేసిన, అంటే వ్యవస్థ మీద పూర్తి అధికారం సంపాదించిన, ఫోన్లలో లాగిన్ టోకెన్లు (పాస్‌వర్డు మళ్లీ అడగకుండా లోపలికి పంపే గుర్తులు) ఎలా బయటపడేవో కూడా కొత్తగా చెప్పనక్కర్లేదు. నేటి చిక్కు అర్థం కావాలంటే 2019 దగ్గర ఆగాలి.

ఆ ఏడాది రెండు పనులు పక్కపక్కనే జరిగాయి. అప్పటివరకు ఏఈఎస్ అనే ప్రామాణిక ఎన్‌క్రిప్షన్ పద్ధతి వేగం తక్కువగా ఉన్న చౌక ఫోన్లకు, అంటే సెకనుకు 50 మెబీబైట్లు కూడా ఎన్‌క్రిప్ట్ చేయలేని ఫోన్లకు, స్టోరేజీ ఎన్‌క్రిప్షన్ నుంచి మినహాయింపు ఉండేది. ఫిబ్రవరిలో గూగుల్ అడియాంటమ్ అనే పద్ధతిని ప్రకటించింది. ఏఈఎస్ కోసం ప్రత్యేక సూచనలు లేని కార్టెక్స్ ఏ7 వంటి ప్రాసెసర్ల మీద అది ఏఈఎస్ కన్నా దాదాపు అయిదు రెట్లు వేగంగా నడిచింది. దాంతో మినహాయింపుకు కారణం తొలగిపోయింది. ఆండ్రాయిడ్ 10తో విడుదలయ్యే ప్రతి కొత్త ఫోన్ వాడకందారు డేటాను ఎన్‌క్రిప్ట్ చేసి తీరాలని మే నెలలో గూగుల్ తేల్చి చెప్పింది. మన దేశంలో లక్షల మంది చేతుల్లో ఉండే తక్కువ ధర ఫోన్లకు నిజమైన రక్షణ దక్కింది ఈ నిర్ణయంతోనే.

అదే మే నెలలో జరిగిన గూగుల్ డెవలపర్ల సమావేశం ఐ/ఓలో జెట్‌ప్యాక్ సెక్యూరిటీ కూడా పరిచయమైంది. అందులోని ఎన్‌క్రిప్టెడ్ షేర్డ్ ప్రిఫరెన్సెస్‌ను వాడాలంటే పాత కోడ్‌లో రెండు మూడు వరుసలు మారిస్తే చాలు. ఎంట్రీల పేర్లు ఏఈఎస్ ఎస్ఐవీతోనూ, విలువలు ఏఈఎస్ జీసీఎంతోనూ ఎన్‌క్రిప్ట్ అవుతాయి. వాటి కీలను కూడా ఎన్‌క్రిప్ట్ చేసి కప్పి ఉంచే మాస్టర్ కీ ఆండ్రాయిడ్ కీస్టోర్‌లో ఉంటుంది. ఫోన్ మొత్తం ఎన్‌క్రిప్ట్ అవుతున్నప్పుడు దాని మీద ఈ రెండో పొర ఎవరి నుంచి కాపాడుతుందన్న ప్రశ్నకు ఆ రోజే స్పష్టమైన జవాబు చెప్పి ఉండవలసింది. చెప్పలేదు. సున్నితమైన సమాచారానికి ఇదే సురక్షితమైన దారి అన్న సలహా మాత్రం అధికారిక డాక్యుమెంటేషన్‌లో ఏళ్ల తరబడి ఉండిపోయింది.

ఆ సలహాను పాటించిన డెవలపర్ల అనుభవం ఇలా సాగింది. ఆండ్రాయిడ్ 6 నుంచి అమల్లో ఉన్న ఆటో బ్యాకప్, యాప్ వద్దని చెబితే తప్ప, షేర్డ్ ప్రిఫరెన్సెస్ ఫైళ్లను కూడా గూగుల్ డ్రైవ్‌లోకి పంపుతుంది. వాడకందారు కొత్త ఫోన్ కొన్నప్పుడు ఎన్‌క్రిప్ట్ అయిన ఫైలు అక్కడికి భద్రంగా చేరుతుంది. కీస్టోర్‌లోని మాస్టర్ కీ మాత్రం పాత ఫోన్ హార్డ్‌వేర్‌ను దాటి బయటకు రాదు, ఎందుకంటే బయటకు రాకపోవడమే దాని భద్రత. కాబట్టి కొత్త ఫోన్‌లో యాప్ తెరిచీ తెరవగానే డీక్రిప్షన్ విఫలమై క్రాష్ అవుతుంది. మళ్లీ తెరిచినా అదే జరుగుతుంది. డేటా చెరిపేస్తే తప్ప దారి ఉండదు, కానీ ఆ సంగతి వాడకందారుకు ఎవరు చెబుతారు? కొన్ని తయారీదారుల ఫోన్లలో బ్యాకప్‌తో సంబంధం లేకుండానే కీస్టోర్ తప్పులు వచ్చేవి. డెవలపర్ తన బల్ల మీదున్న ఫోన్‌లో ఎంత ప్రయత్నించినా వాటిని పునరావృతం చేయలేకపోయేవాడు. లైబ్రరీ 1.1 వెర్షన్ 2020లో ఆల్ఫాగా (తొలి ప్రయోగ రూపంగా) మొదలై అయిదేళ్లు గడిచాక, డెప్రికేట్ అయిన రూపంలోనే స్థిర వెర్షన్‌గా ముగిసింది. సలహాను నమ్మి కోడ్ రాసినవారికి ఇది అన్యాయంగా తోచడంలో ఆశ్చర్యం లేదు.

ఐఫోన్ వైపు ఇదే చిక్కు ఇంతగా ముదరలేదు. అక్కడ రహస్యాల నిల్వ అయిన కీచైన్‌లో ఏదైనా పెట్టేటప్పుడు, అది ఈ పరికరానికే పరిమితమా, బ్యాకప్‌తో పాటు కొత్త పరికరానికి వెళ్లవచ్చా అన్నది డెవలపరే అక్కడికక్కడ ఎంచుకోవచ్చు. 2013లో వచ్చిన ఐఓఎస్ 7 నుంచి, మిగతా యాప్ ఫైళ్లకు ఫోన్ ఆన్ చేశాక తొలి అన్‌లాక్ వరకు రక్షణ దానంతటదే ఉంటోంది. కీ ఎక్కడ పుడుతుంది, ఎక్కడిదాకా ప్రయాణిస్తుంది అన్న ప్రశ్నను యాపిల్ డెవలపర్ ముందు ఉంచింది. జెట్‌ప్యాక్ లైబ్రరీ దాన్ని సౌలభ్యం చాటున దాచేసింది.

వేగం కోసం మరో దారి పట్టినవారూ ఉన్నారు. టెన్సెంట్ సంస్థలో వీచాట్ బృందం తయారు చేసి 2018 సెప్టెంబరులో ఓపెన్ సోర్స్ చేసిన ఎంఎంకేవీ అనే నిల్వ లైబ్రరీ, ఫైలును మెమరీలోకి మ్యాప్ చేసుకుని నేరుగా అక్కడే రాస్తుంది. అందుకే దాని వేగం గురించి ఎవరికీ ఫిర్యాదు లేదు. జావాస్క్రిప్ట్‌తో యాప్‌లు రాసే రియాక్ట్ నేటివ్ డెవలపర్లలోనూ అది బాగా పాతుకుపోయింది. అయితే అడగనిదే అది ఎన్‌క్రిప్ట్ చేయదు. అడిగితే ఏఈఎస్ సీఎఫ్‌బీ పద్ధతి వాడుతుంది, కానీ ఎవరైనా ఫైలును కావాలని మార్చితే పొరపాటున పాడైన డేటాను గుర్తించే సీఆర్‌సీ తనిఖీ దాన్ని నమ్మకంగా పట్టుకోలేదు. అంతకన్నా పెద్ద సంగతి, కీని ఎక్కడ దాచాలన్నది పూర్తిగా యాప్‌కే వదిలేస్తుంది. ఆ కీని కోడ్‌లోనే రాసిపెట్టే యాప్‌లలో, యాప్ ఇన్‌స్టాలేషన్ ఫైలైన ఏపీకేను విప్పి చూసినవారికి అది దొరికిపోతుంది.

ఫోన్ ఎన్‌క్రిప్షన్ ఉండగా ఈ లైబ్రరీ పొర అక్కర్లేదన్న వాదనలోనూ బలముంది. రూట్ అధికారం సంపాదించినవాడు యాప్ పేరు మీదే కీస్టోర్‌ను పని చేయించుకోగలడు కాబట్టి, వేలిముద్ర లేదా పిన్ అడగని కీ అతన్ని పెద్దగా ఆపలేదు. ఈ లైబ్రరీలోని మాస్టర్ కీ డిఫాల్ట్‌గా అలాంటిదే. ఆండ్రాయిడ్ 12ను లక్ష్యంగా పెట్టుకున్న యాప్‌ల డేటా, కంప్యూటర్‌కు కలిపి తీసే ఏడీబీ బ్యాకప్‌లోకి వెళ్లడం కూడా ఆగిపోయింది. సాఫ్ట్‌వేర్ భద్రత కోసం పనిచేసే ఓవాస్ప్ సంస్థ మొబైల్ ముప్పుల జాబితాలో 2016లో రెండో స్థానంలో ఉన్న అసురక్షిత డేటా నిల్వ, 2024 నాటికి తొమ్మిదో స్థానానికి దిగింది.

కానీ యాప్‌ను తనిఖీ చేసే ఆడిటర్ ఈ వాదన వినడు. షేర్డ్ ప్రిఫరెన్సెస్‌లో చదవగలిగే టోకెన్ కనిపిస్తే నివేదికలో లోపంగా రాస్తాడు; కొత్త నిబంధనలు ఇప్పుడు అతనికి మరో ఆధారం అయ్యాయి. బ్యాంకుల వంటి సంస్థల చెల్లింపు యాప్‌లకు రిజర్వ్ బ్యాంకు 2021 ఫిబ్రవరిలోనే ఇంకా కఠినమైన మాట చెప్పింది: పాస్‌వర్డులు, కీలు వంటివి అసలు ఫోన్‌లోనే దాచవద్దంది. ఆ మాటను నిజంగా పాటిస్తే ఎన్‌క్రిప్ట్ చేయవలసినది చాలా తక్కువ మిగులుతుంది. ఈ చర్చలో ఎక్కువగా వినపడవలసినది ఆ మాటే.

తప్పక దాచవలసినవారికి నడిచే దారి లేకపోలేదు. సందేశాల యాప్ సిగ్నల్ ఆండ్రాయిడ్‌లో తన సందేశాలను, మొత్తాన్నీ ఎన్‌క్రిప్ట్ చేసి ఉంచే ఎస్‌క్యూఎల్‌సైఫర్ డేటాబేస్‌లో పెట్టి, దాని కీని కీస్టోర్‌తో కప్పుతుంది. ఎస్‌క్యూఎల్‌సైఫర్ నాలుగో వెర్షన్‌లో పాస్‌వర్డు నుంచి కీ తయారు చేయడానికి ఒకే లెక్కను 2,56,000 సార్లు తిప్పడం వల్ల డేటాబేస్ తెరవడం ఆలస్యమవుతుందన్నది నిజమే. కానీ యాదృచ్ఛికంగా పుట్టించిన కీనే నేరుగా ఇస్తే ఆ ఆలస్యం ఉండదు. చిన్న చిన్న విలువలకు, ఎన్‌క్రిప్షన్ తనలో లేని డేటాస్టోర్‌కు (షేర్డ్ ప్రిఫరెన్సెస్‌కు బదులుగా వచ్చిన నిల్వ లైబ్రరీకి) టింక్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీని జోడించుకోవచ్చు. రెండు దారుల్లోనూ ఎన్‌క్రిప్ట్ అయిన ఫైలును బ్యాకప్ నుంచి మినహాయించడం, కీ పోతే క్రాష్ కాకుండా మళ్లీ లాగిన్ అడగడం డెవలపర్ స్వయంగా రాసుకోవలసిన పనులు.

ఇప్పటికే జనం ఫోన్లలో ఉన్న ఫైళ్లది వేరే సమస్య. వాటిని చదవాలంటే అదే పాత లైబ్రరీ కావాలి. కొత్త దారికి మారే ప్రతి యాప్, వాడకందారులంతా కనీసం ఒకసారి అప్‌డేట్ చేసుకుని తెరిచేదాకా, డెప్రికేట్ అయిన కోడ్‌ను వెంట మోసుకెళ్లాల్సిందే. కొందరు డెవలపర్లు దాన్ని ఫోర్క్ చేసి, అంటే ఆ కోడ్ నకలు తీసుకుని సొంతంగా, నడుపుతున్నది ఇందుకే. ఆ మార్పిడికి ఎంతకాలం మద్దతు ఉంటుందో గూగుల్ స్పష్టంగా ప్రకటిస్తే, నిబంధనల్లోని భద్రతా బాధ్యతలు అమల్లోకి రావడానికి ఇచ్చిన 18 నెలల గడువులోగా హైదరాబాద్ స్టార్టప్ అయినా, బెంగళూరు బ్యాంకింగ్ యాప్ అయినా తన పనిని లెక్క వేసుకోగలుగుతుంది.